మెరుపు కాదు, మచ్చలు చూసి బండి కొనాల

అనకాపల్లి చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ బండి కొనడమంటే షోకు కాదు. చాలామందికి అది ఉద్యోగంలో సగం. అచ్యుతాపురం సెజ్‌లోనో, పరవాడ ఫార్మాసిటీలోనో పని దొరికిన కుర్రోడు రాత్రి షిఫ్టు దిగేసరికి ఊరికి బస్సుండదు. చోడవరం వైపు నుంచి పాల క్యాన్లు తెచ్చేవాడికి, బెల్లం మార్కెట్‌కి తెల్లారకముందే చేరాల్సిన కళాసీకి బండి లేకపోతే ఆ రోజు కూలి లేదు. కొత్త బండి కొందామంటే లక్ష మాట వినపడతంది. అందుకే ముప్పై వేలకో నలభై వేలకో పాత బండి. ఆ నలభై వేలు కూడా చీటీ పాడి తెచ్చినవో, ఇంట్లో గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినవో.

అలాటి డబ్బు పెట్టి కొనేటప్పుడు మనోళ్ళు చూసేదేటి? ట్యాంకు మెరుస్తందా లేదా, సీటు కవరు కొత్తదా కాదా చూస్తారు. "మైలేజీ ఎంతిస్తాది?" అని ఒక ప్రశ్న అడుగుతారు. ఒక రౌండు వేసి వచ్చి చేతిలో డబ్బు పెట్టేస్తారు. సంతలో వంకాయ కొంటే పుచ్చుందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. బండి కాడికి వచ్చేసరికి మాత్రం ఎక్కడలేని మొహమాటం. "మనోడే కదా, అలగ అడిగితే ఏటనుకుంటాడో" అని ఊరుకుంటాం.

పాత బండ్లు అమ్మేవాళ్ళంతా మోసగాళ్ళని కాదు. నిజంగా అవసరం పడి అమ్మేవాళ్ళే ఎక్కువ. కానీ బండి మూడు చేతులు మారి మీ కాడికొస్తే, ఆ అమ్మేవాడికి కూడా దాని పూర్తి కథ తెలీదు. తెలిసింది బండికే. బండికి నోరు లేదు గానీ దాని ఒంటి నిండా సాక్ష్యాలే. ఒక సాక్షిని మార్చొచ్చు, మీటరు తిప్పొచ్చు, ట్యాంకుకి రంగు వేయించొచ్చు. కానీ మీటరు, టైరు, చైను, ఫుట్‌రెస్టు, కాగితం అన్నీ కలిసి ఒకే అబద్ధం చెప్పేలా చేయడం చాలా కష్టం. బండి చూడ్డమంటే ఈ సాక్షుల్ని ఒక్కొక్కరినే పిలిచి, మాటలు కలుస్తన్నాయో లేదో చూడ్డమే. దీనికి మెకానిక్ అవక్కర్లేదు. ఒక గంట ఓపిక చాలు.

ముందు కాగితం, తరవాతే కిక్కు

చాలామంది బండి నచ్చాక కాగితాలు అడుగుతారు. అది తలకిందుల పని. బండి నచ్చేశాక కాగితంలో లోపం కనపడినా మనసు ఒప్పుకోదు, "సర్లే, తరవాత చూసుకుందాం" అంటాది. ఇంజన్ పాడైతే డబ్బుతో బాగవుతాది. కాగితం పాడైతే డబ్బుతో కూడా బాగవకపోవచ్చు. అందుకే ముందు ఆర్‌సీ చేతిలోకి తీసుకోండి.

ఆర్‌సీ మీద ఉన్న పేరు, ఎదురుగా నిలబడి అమ్ముతున్న మనిషి పేరు ఒకటేనా? కాకపోతే ఆ పేరుగలాయన ఎవరు, ఎక్కడున్నాడు, సంతకానికి వస్తాడా? "ఆయన దుబాయిలో ఉన్నాడు, సంతకం పెట్టించి ఉంచాం" అని ముందే సంతకం చేసిన ఖాళీ ఫారాలు చూపిస్తే, ఆ బేరం అక్కడే ఒగ్గేయండి. పేరు చనిపోయినాయనది అయితే, కొడుకు నేరుగా మీకు అమ్మలేడు. ఫారం 31తో ముందు వారసుడి పేరు మీదికి మార్పించుకోవాల, ఆ తరవాతే మీ పేరు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వారసులుంటే మిగతావాళ్ళ ఒప్పుదల కూడా కావాల. లేకపోతే ఏడాది తరవాత ఒక తమ్ముడొచ్చి "మా నాన్న బండి" అంటాడు.

తరవాత ఆర్‌సీలో ఫైనాన్స్ మాట ఉందేమో చూడండి. మన కాడ బండ్లు సగానికి సగం వాయిదాల మీద కొన్నవే. వాయిదాలు కట్టేశామంటే చాలదు. ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ, దాంతోపాటు ఫారం 35 రెండూ ఉండాల. ఎన్‌ఓసీలకి చాలా సంస్థలు గడువు పెడతాయి, ఆ తేదీ కూడా చదవండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించనిదే మీ పేరు ఎక్కదు. అంతకన్నా ప్రమాదం, వాయిదాలు మిగిలున్న బండైతే, మీరు డబ్బంతా కట్టి తెచ్చుకున్న బండిని వాళ్ళొచ్చి ఎత్తుకుపోతారు.

మూడోది, నంబర్లు. ఛాసిస్ నంబరు ఎక్కువ బండ్లకి హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టి ఉంటాది. ఇంజన్ నంబరు ఇంజన్ డొక్క మీద కింది వైపు. గుడ్డతో మట్టి తుడిచి, ఫోన్ లైటు వేసి, ఆర్‌సీతో ఒక్కో అక్షరం కలుపుకోండి. చివరి నాలుగు అంకెలు చూసి ఊరుకోవద్దు. అంకెల చుట్టూ అరగదీసిన గీతలు, ఆ చోట మాత్రమే కొత్త రంగు, వంకరగా కొట్టిన అక్షరం ఉంటే అనుమానించాల్సిందే. ఇంకో చిన్న గుట్టు. ఇప్పటి ఛాసిస్ నంబర్లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒకటి, సున్నాలతో తికమక రాకూడదని ఐ, ఓ, క్యూ అనే మూడు ఇంగ్లీషు అక్షరాల్ని అందులో వాడరు. ఆ అక్షరాలు కనపడితే కొట్టింది కంపెనీ కాదు.

నాలుగోది, ఫోన్లో చూసేది. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఏ ఏడాది బండి, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తాది. చలానాలు వేరేగా చూడండి. కొన్న తరవాత బయటపడే చలానాలు మీ నెత్తినే పడతాయి. దొంగ బండేమోనన్న అనుమానముంటే, పోయిన బండ్ల వివరాలు వెతకడానికి జాతీయ నేర రికార్డుల సంస్థ నడిపే 'వాహన్ సమన్వయ్' ఉంది.

ఒకప్పుడు నంబరు ప్లేటు చూసి బండి ఊరు చెప్పేసేవాళ్ళు. ఏపీ 31 అంటే విశాఖ, 30 అంటే శ్రీకాకుళం, 35 అంటే విజయనగరం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక అది అంత సులువు కాదు. మన అనకాపల్లి జిల్లా అయిందే 2022 ఏప్రిల్ 4న. కాబట్టి ప్లేటు చూసి "మన ఊరి బండే" అనుకోకండి, ఆర్‌సీలో అడ్రసు చదవండి. ఒడిశా బండో, తెలంగాణ బండో అయితే అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కావాల. మళ్ళీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాల. ఆ ఖర్చు లెక్కేస్తే చవగ్గా వచ్చిన బండి చవక కాదని తేలొచ్చు. ఇక రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తరవాత అయిదేళ్ళకోసారి రెన్యువల్, దానికి ముందు తనిఖీ. పదమూడేళ్ళ బండి కొంటున్నారంటే మీకు మిగిలింది రెండేళ్ళ గడువని గుర్తుపెట్టుకోండి.

చల్లటి ఇంజన్ నిజం చెప్తాది

కాగితాలు బాగుంటేనే బండి కాడికి వెళ్ళండి. పగటిపూట వెళ్ళండి. వాన పడతన్నప్పుడు వద్దు, తడి బండి మీద గీతలు, సొట్టలు, ఆయిల్ కారుడు ఏవీ కనపడవు. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే ముందే తిప్పి ఉంచారన్నమాట. పొద్దున్న పది కిక్కులు కొడితేగాని లేవని బండి కూడా వేడి మీద ఒక్క నొక్కుకే లేస్తాది. ఇంకో గంట ఆగి చల్లారాక చూస్తానని చెప్పడంలో తప్పులేదు.

స్టార్ట్ అయ్యాక సైలెన్సర్ వెనక ఒకరిని నిలబెట్టండి. నీలంగా పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతుందని. స్టార్ట్ చేసినప్పుడు కాస్త వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు అనుకోవచ్చు. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా వస్తంటే పిస్టన్ రింగులు అయిపోయాయని, అంటే హాఫ్ ఇంజన్ పని. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ కాలుతుందని, అది చాలాసార్లు చిన్న పనితో పోతాది. చలికాలం పొద్దున్న కాసేపు వచ్చే తెల్లటి ఆవిరికి భయపడక్కర్లేదు.

శబ్దం వినండి. పైనుంచి సన్నగా, లెక్క తప్పకుండా టిక్ టిక్ మంటే ట్యాపెట్ సర్దుబాటు, చిన్న ఖర్చు. పక్కనుంచి గొలుసు గలగలలాడినట్టు ఉంటే టైమింగ్ చైను. లోపల్నుంచి బరువుగా, ఎవరో సుత్తితో కొడుతున్నట్టు వస్తే క్రాంకు, కనెక్టింగ్ రాడ్ల పని. అది వింటే మాత్రం బేరం ఆపేయండి. ఆ పనికయ్యే ఖర్చు పెట్టేకన్నా ఇంకో బండి చూసుకోవడం నయం.

ఆయిల్ చూడ్డానికి డిప్‌స్టిక్కో, పక్కన అద్దమో ఉంటాది. నల్లబడిన ఆయిల్ వాడుకలో ఉన్నదే, తప్పు కాదు. పాలు కలిసినట్టు తెల్లగా, నురగగా ఉంటే లోపలికి నీళ్ళు చేరాయని. ఆయిల్ మరీ కొత్తగా బంగారం రంగులో ఉన్నా ఒక ప్రశ్న అడగండి, "ఈమధ్యే ఎందుకు మార్చారు?" అని. చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం కొన్నాళ్ళు అణుగుతాది.

2020 ఏప్రిల్ తరవాత తయారైన బండ్లు బీఎస్-6వి. వీటిలో పసుపు రంగు ఇంజన్ గుర్తు లైటొకటి ఉంటాది. తాళం తిప్పగానే అది వెలగాల, ఇంజన్ లేచాక ఆరిపోవాల. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించండి, లోపం కనపడకుండా లైటే తీసేసి ఉండొచ్చు. ఏబీఎస్ ఉన్న బండికి దాని లైటు కూడా అంతే. తాళం తిప్పగానే వెలిగి, బండి కదిలి కాస్త వేగం అందుకోగానే ఆరాల. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. కాబట్టి ఆ తరవాతి 150 సీసీ బండికి ఆ లైటే లేదంటే మీటరో, ఇంకేదో మార్చారని అర్థం.

మీటరు చెప్పిన మాట టైరుని అడగండి

"పద్దెనిమిది వేలే తిరిగింది బాబూ, మా నాన్న గుడికి తప్ప తీయలేదు." ఈ మాట ఎవరన్నా అంటే కాదనకండి. నెమ్మదిగా వంగి టైరు చూడండి. టైరు పక్కన ఒక చిన్న గుండ్రటి చట్రంలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. బండి 2017ది, తిరిగింది 18 వేలు, వెనక టైరు మాత్రం 2022ది అయితే లెక్క ఎక్కడో తప్పుతుంది. మామూలుగా తోలే చిన్న బండికి వెనక టైరు అంత తక్కువ దూరానికి అరిగిపోదు. అదే టైరు బండి పుట్టినప్పటిదే అయితే మీటరు మాట కాస్త నమ్మొచ్చు. కానీ ఏడెనిమిదేళ్ళ టైరు గట్టిపడి పగుళ్ళిస్తాది, దాన్ని మార్చే ఖర్చు మీదే.

ఇంకా సాక్షులున్నారు. గేరు రాడ్డు మీది రబ్బరు, ఫుట్‌రెస్టు రబ్బరు, హ్యాండిల్ పట్టులు, తాళం చెవి పెట్టే కంత చుట్టూ ఉన్న గీతలు. గేరు రబ్బరు అరిగి లోపలి ఇనుము తేలిన బండి పద్దెనిమిది వేలు తిరిగిందంటే ఎలగ నమ్ముతాం? పాత మోడల్ అయితే మీటరు కేబులు కిందివైపు ఊడదీసి బిగించిన గుర్తులుంటాయేమో చూడండి. డిజిటల్ మీటరు తిప్పలేరనుకోవద్దు, అదీ తిప్పుతారు. సర్వీసు పుస్తకమో బిల్లులో ఉంటే, వాటిమీద తేదీ పక్కన కిలోమీటర్లు రాసుంటాయి. వాటంత గట్టి సాక్ష్యం లేదు.

మోసిన బండి, పడిన బండి, తడిసిన బండి

మన కాడ బండ్లు మనుషుల్ని మాత్రమే మోయవు. పాల క్యాన్లు, గడ్డిమోపులు, గ్యాస్ బండలు, కొబ్బరికాయల బస్తాలు. మోసిన బండి తప్పుడు బండని కాదు, కానీ దాని ధర వేరు. వెనక క్యారియర్ కోసం వెల్డింగ్ చేసి తీసేసిన మచ్చలున్నాయా? సీటు కింద ఫ్రేము గొట్టాలు కిందికి వంగాయా? రెండు వెనక షాక్‌లు ఒకే ఎత్తులో ఉన్నాయా, వాటినుంచి ఆయిల్ కారుతుందా? పెద్ద స్టాండు వేసి వెనక చక్రాన్ని అటూ ఇటూ పక్కలకి ఊపండి. కడకడమని ఆడితే స్వింగ్ ఆర్మ్ బుష్షులో, చక్రం బేరింగులో పోయాయి.

చైను చూడ్డం చాలా సులువు. వెనక పళ్ళ చక్రం చివర చైనుని వేలితో వెనక్కి లాగండి. పన్ను సగం కనపడేంత లేస్తే చైను సాగిపోయింది. పళ్ళు కొడవలి మొనల్లా ఒకవైపు వంగి ఉంటే మొత్తం చైన్ సెట్ మార్చాల్సిందే.

పడిన బండిని కనిపెట్టాలంటే మెడ చూడండి. హ్యాండిల్ కింద, ట్యాంకు ముందు ఫ్రేము కలిసే చోట రంగు పెచ్చులూడిందా, ముడతలున్నాయా, కొత్త వెల్డింగుందా? హ్యాండిల్‌ని పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకి తిప్పితే ఆగే చోట ఇనుప ముక్క వంగిందా? బ్రేకు లీవరు, క్లచ్ లీవరు చివర్లు, ఫుట్‌రెస్టు చివర, సైలెన్సర్ పక్క, ఇవన్నీ ఒకే వైపు గీసుకుపోయి ఉంటే ఆ వైపు పడిందని. నిలబడి ఉన్న బండి పడితే చిన్న గీతలే. రోడ్డు మీద జారితే పొడుగ్గా, ఒకే దిక్కుకి గీతలుంటాయి. ఆ తరవాత కాస్త తడి నేల చూసి బండిని నిటారుగా, నెమ్మదిగా తోలించండి. ముందు చక్రం జాడ మీదే వెనక చక్రం జాడ పడాల. రెండు జాడలు పక్కపక్కన పడితే చక్రం బిగింపు సరిగా లేదేమో ముందు చూడండి. అది సరిగానే ఉంటే ఫ్రేమో ఫోర్కో వంగింది. అలాటి బండి హైవే మీద వేగంలో చేతికి వినదు.

పెద్ద స్టాండు మీద ఉండగానే ఒకరిని వెనక బరువు పెట్టమని, ముందు చక్రం గాల్లోకి లేచాక హ్యాండిల్‌ని రెండు వేళ్ళతో మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడో పట్టినట్టు ఆగితే కోన్ సెట్ అయిపోయింది. ఫోర్కు గొట్టాల మీద వేలు రాయండి, ఆయిల్ అంటితే సీళ్ళు పోయాయి.

ఇక తడి. మనది సముద్రం పక్క జిల్లా. పూడిమడక, రేవుపోలవరం వైపు ఇంటి బయట నిలబడిన బండిని ఉప్పుగాలి పైనుంచి కాదు, కిందనుంచి తింటాది. సైలెన్సర్ అడుగు, సైడ్ స్టాండు మొదలు, బ్యాటరీ కింద ఇనుప రేకు, స్వింగ్ ఆర్మ్ లోపలివైపు. కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే గోరుతో గీకండి. పొక్కుగా లేచి పొర ఊడితే దాని కింద తుప్పే. ఇక వరదలో మునిగిన బండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పమనండి. లోపలి మూలల్లో సన్నటి ఒండ్రుమట్టి, హెడ్‌లైటు అద్దం లోపల నీటి గీత, సీటు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము, ఈ మూడూ కలిసి కనపడితే ఆ బండి నీళ్ళలో ఉండొచ్చింది. దాని ఇంజన్ బాగయ్యుండొచ్చు. వైర్లు మాత్రం ప్రతి వానకీ ఇబ్బంది పెడతాయి.

మీ దారిలోనే తోలండి

ఇంటి ముందు వీధిలో రెండు రౌండ్లు వేస్తే బండి తెలీదు. మీ లైసెన్సు, హెల్మెట్ తీసుకెళ్ళండి. బండికి ఇన్సూరెన్స్ ఉందని చూసుకున్నాకే ఎక్కండి. గుంతలు కొంచెం, ఎత్తు కొంచెం, ఖాళీ రోడ్డు కొంచెం, మూడూ ఉండేలా నాలుగైదు కిలోమీటర్లు తోలండి. వీలైతే వెనక ఒకరిని ఎక్కించుకోండి, మీరు రోజూ అలాగే కదా తిరిగేది. గేర్లన్నీ పైకి, మళ్ళీ కిందికి పడాల. పై గేరులో ఎత్తు ఎక్కిస్తున్నప్పుడు ఇంజన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలేస్తే గేరు దానంతటది బయటికి ఊడిపడితే గేర్‌బాక్సు పని, ఇంజన్ విప్పాల్సిందే. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఉన్నప్పుడు హ్యాండిల్ మీద పట్టు సడలించి చూడండి, పక్కకి లాగకూడదు. ముందు బ్రేకు పడితే లీవరు కొట్టుకుంటుందా? అయితే డిస్కు వంకర.

బ్రేకుల విషయంలో మాత్రం రాజీ పడకండి. మనం తిరిగేది జాతీయ రహదారి 16 మీద, లారీలు, కంటైనర్ల మధ్య. షిఫ్టు వదిలాక అచ్యుతాపురం రోడ్డు మీద వందల బండ్లు ఒకేసారి కదులుతాయి. అక్కడ పిస్టన్ రింగులు పోయిన బండి మీ డబ్బు తింటాది. బ్రేకు పోయిన బండి మనిషినే తింటాది.

దిగాక ఇంకోసారి ఇంజన్ కింద చూడండి. వేడెక్కాక కారే ఆయిల్, చల్లగా ఉన్నప్పుడు కనపడదు. బండి ఆపి వెంటనే మళ్ళీ స్టార్ట్ చేయండి, వేడి మీద కూడా ఒకేసారికి లేవాల.

బేరం కాగితం మీద ఆడండి

చూసిన లోపాలన్నీ ఒక కాగితం మీద రాయండి. వెనక టైరు, చైన్ సెట్, కోన్ సెట్, బ్యాటరీ. పక్కనే మీకు తెలిసిన మెకానిక్ చెప్పిన ఖర్చు రాసి కూడండి. ఆ మెకానిక్ అమ్మేవాడు తెచ్చిన మనిషి కాకుండా చూసుకోండి. అతనికి రెండొందలో మూడొందలో ఇచ్చి తీసుకెళ్తే, వేలల్లో పోయేది మిగులుతాది. "ఇంత తగ్గించు" అని ఊరికే అడిగితే అది బేరం. "ఈ నాలుగు పనులకి ఇంతవుతాది" అని కాగితం చూపిస్తే అది లెక్క. లెక్కకి ఎవరికీ కోపం రాదు. "ఏటి, నమ్మకం లేదేటి?" అని అడిగినా, "నమ్మకం నీమీద ఉంది బావా, చూస్తన్నది బండిని" అనండి.

పేరు మారనిదే బేరం తెగినట్టు కాదు

ఇప్పుడు అసలు మాట. మనూళ్ళలో బండి అమ్మకం అంటే డబ్బు, తాళం, ఆర్‌సీ చేతులు మారడమే. పేరు మార్పు "బేగి చేయిద్దాంలే" అనే మాటలో ఏళ్ళకేళ్ళు ఉండిపోతాది. ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగలేమని కొన్నవాడనుకుంటాడు. నా పీడ వదిలిందని అమ్మినవాడనుకుంటాడు. ఇద్దరూ అనుకుంటున్నది తప్పే.

చట్టం ఏం చెప్తుందంటే, మోటారు వాహనాల చట్టం 1988లో 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లోపు, కొన్నవాడు 30 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాల. ఫారం 29 అమ్మకం సమాచారం, ఫారం 30 పేరు మార్పు దరఖాస్తు. పేరు మారకపోతే ఏటౌతాదో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చేసింది. కారు చేతులు మారి మారి పోయింది, యాక్సిడెంట్ చేసినప్పుడు దాని మొదటి యజమానికి దాంతో ఏ సంబంధమూ లేదు. అయినా రిజిస్టర్‌లో ఆయన పేరే ఉంది కాబట్టి నష్టపరిహారం బాధ్యత ఆయనదే అని కోర్టు చెప్పింది. అమ్మేసిన బండి మన పేరు మీద ఉన్నంతకాలం, అది ఎవరి కాలు విరిచినా నోటీసు మన గుమ్మానికే.

మన జిల్లాకి ఇంకో బెడద కూడా ఉంది. ఏజెన్సీ నుంచి నర్సీపట్నం మీదుగా దిగే గంజాయి. దాన్ని తెచ్చేవాళ్ళు సొంత పేరున్న బండి వాడరు. పేరు మారని, చేతులు మారిన బండి వాళ్ళకి బంగారం. పట్టుబడితే బండి జప్తు అవుతాది, పోలీసు ముందు వెతికేది ఆర్‌సీలో ఉన్న పేరుని. నాకు తెలీకుండా జరిగిందని నిరూపించుకోవాల్సింది ఆ పేరుగలాయనే. నాలుగు వేలు ఎక్కువొస్తాయని ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేవాళ్ళు ఈ ఒక్క ముక్క ఆలోచించాల.

కొన్నవాడి నష్టం ఇంకో రకం. ఇన్సూరెన్స్ పాత పేరు మీదే ఉంటే, మీ బండి దొంగతనం పోయినా, గుద్దుకుని పాడైనా కంపెనీ చెల్లించనంటాది. యజమానే తోలుతూ చనిపోతే కుటుంబానికి 15 లక్షలొచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది. అది రిజిస్టరైన యజమానికి. పేరు మార్పించుకోనివాడు రాత్రి షిఫ్టు నుంచి వస్తూ పోతే, అయిదేళ్ళు ఆ బండి తోలినా కాగితం ప్రకారం అతను యజమాని కాదు. ఆ ఇంటికి ఆ డబ్బు రావడం కష్టం. ఆర్టీఓ ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టలేమన్నవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాల. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి కూడా గడువు 14 రోజులే. పాతాయనకున్న నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది ఆయనది.

అందుకే డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. అడ్వాన్స్ కొంత, కాగితాల మీద సంతకాలు, దరఖాస్తు దాఖలైన రసీదు చేతికొచ్చాక మిగతాది. డబ్బు వీలైనంత వరకు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి, అది కూడా ఒక సాక్ష్యం. ఇచ్చిన తేదీ, టైము, మీటరు రీడింగు రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం చెరొకటి ఉంచుకోండి. ఆ టైముకి ముందు చలానా ఆయనది, తరవాతది మీది. డీలరు కాడ కొంటే, పాత బండ్లు అమ్మే డీలర్లకి రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. అది చూపించమని అడగండి.

ఇదంతా వింటే పాత బండి కొనడమే వద్దనిపించొచ్చు. అలాగేం కాదు. బాగా చూసుకున్న పదేళ్ళ బండి, నిర్లక్ష్యంగా తోలిన మూడేళ్ళ బండి కన్నా మేలు. సైలెన్సర్ కింద కాస్త తుప్పు, పక్కన రెండు గీతలు, సీటుకి ఒక కుట్టు ఉండి, వాటి కథ దాచకుండా చెప్పే మనిషి ఎదురుగా ఉంటే ఆ బండి కొనొచ్చు. ఒక్క మచ్చ కూడా లేకుండా నిగనిగలాడుతూ, ఎవరి పేరు మీదుందో అడిగితే మాట దాటేసే బండినే వదిలేయాల. కష్టపడి కూడబెట్టిన నలభై వేలకి ఒక గంట ఓపిక, ఆర్టీఓ ఆఫీసులో ఒక పూట, ఎక్కువేం కాదు.